దిగులుకు నలభై ఆరు మాటలు

పోటీ పరీక్షలకు చదివే మీరంతా ఇప్పుడు ఇంగ్లిషు మాటల్ని ఫోన్లో నేర్చుకుంటున్నారు. ఏ మాట ముఖ్యమో, ఏది వదిలేసినా ఫర్వాలేదో ఆ ఫోనే చెబుతుంది. ఒకప్పుడు ఆ పని ఒక మనిషి చేసేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, మెట్ల పక్క గదిలో కూర్చుని, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసేవాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. అయిదు. పదహారేళ్లు నేను చేసిన ఉద్యోగం అదే. దానికి పేరు లేదు. హాజరుపట్టీలో నా పేరు ఎదురుగా ‘ఆఫీసు’ అని రాసేవారు.

నేను ఇంగ్లిషు చదువుకున్నవాణ్ని కాను. ఇంటర్‌లో ఇంగ్లిషు తప్పి, చదువు అక్కడితో ఆపేసి నల్గొండ జిల్లా నుంచి వచ్చాను. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో సరాసరి, శాతం, సంభావ్యత నేర్చుకున్నాను. మెట్లెక్కితే మెట్లు లెక్కపెడతాను, బస్సెక్కితే నిలబడ్డవాళ్లను లెక్కపెడతాను. ఈ గుణం మంచిదేనని చాలాకాలం అనుకున్నాను. అది ఒక మంచి మనిషి కొలువు తీసిన సంగతి ఇప్పుడు చెబుతాను.

ఆయన మా ఇంగ్లిషు మాస్టారు. కృష్ణా జిల్లా మనిషి. భార్య అక్కడే బడిలో పనిచేసేది. ఈయన చైతన్యపురిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి, నాకు నలభై దగ్గర పడుతున్నాయి. క్లాసులో ఎంత గట్టిగా మాట్లాడేవారో, నా గదిలో అంత మెల్లగా మాట్లాడేవారు. ఆయన మాటలు ఏరేవారు, నేను లెక్క చెప్పేవాణ్ని. ఆ తర్వాత ఇద్దరం వాదులాడుకునేవాళ్లం.

“సార్, గీ మాట ఇరవై ఏండ్ల పేపర్లల్ల రెండుసార్లే వచ్చింది. తీసేద్దాం.”

“తీసేస్తే కుర్రాడు పరీక్ష పాసవుతాడయ్యా, కాదనను. రేపెప్పుడో వాడికి నిజంగానే అలాంటి రోజొస్తే? ఆ రోజుకి మాట ఎక్కణ్నుంచి తెచ్చుకుంటాడు?”

“గప్పుడు తెలుగుల ఏడుస్తడు సార్.”

ఆయన పగలబడి నవ్వేవారు. మాట మాత్రం ఉండిపోయేది. అలా నా లెక్కకు విరుద్ధంగా మా పుస్తకంలో నిలిచిపోయిన మాటలు ఎన్నో నా దగ్గర రాసి ఉన్నాయి.

మా పాఠాలు మాటల గుంపులుగా ఉండేవి. కోపానికి ఒక గుంపు, ప్రయాణాలకు ఒకటి, కోర్టుకు ఒకటి. నేను చెప్పబోయేది పేదరికం, దిగులు కలిసిన గుంపు. అందులో నలభై ఆరు ఇంగ్లిషు మాటలు, పలుకుబళ్లు. ఒక్కోదాని ఎదురుగా తెలుగు అర్థం. పేదరికానికీ దిగులుకూ ఒకటే పాఠం ఎందుకని అడిగాను. “పేపరు సెట్ చేసేవాడు వేరు చేస్తాడు. బతికేవాడికి అవి వేరుగా వస్తాయా?” అన్నారు.

ఆ పాఠం చెప్పడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బోర్డు మీద కిందికి దిగే మెట్లు గీసేవారు. పై మెట్టు మీద ‘డౌన్ ఎట్ హీల్’. చెప్పు మడమ దగ్గర అరిగినవాడు. దాని కింద ‘ఆన్ హిజ్ అప్పర్స్’. అట్ట మొత్తం అరిగిపోయి పైన తోలు మాత్రం మిగిలినవాడు. ఇంకా కింద ‘డౌన్ అండ్ అవుట్’, పూర్తిగా చితికిపోయినవాడు. అన్నిటికన్నా కింద ‘డెస్టిట్యూట్’, దిక్కులేనివాడు. మెట్లన్నీ గీశాక తన కుడికాలి చెప్పు తీసి పిల్లలకు చూపించేవారు. “నేను మొదటి మెట్టు మీద ఉన్నాను, గమనించారా?” క్లాసంతా నవ్వేది. “ఇంగ్లిషువాడు పేదవాణ్ని చూడాలంటే ముందు కాళ్లకేసి చూస్తాడు. మనం పొయ్యికేసి చూస్తాం. పొయ్యిలో పిల్లి లేవలేదంటాం, కూటికి లేదంటాం. రెండు దేశాల వాళ్లు రెండు చోట్ల లెక్కపెట్టారు.” లెక్క అన్న మాట వచ్చినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడ్డ నావైపు చూసేవారు. నాకు లోపల ఎక్కడో పండగగా ఉండేది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారంలో రెండు రోజులు బంద్. మిగతా రోజుల్లోనూ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు, రాస్తారోకో. మా క్లాసులో నూట ఇరవై మంది. అంతకుముందు వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చునేవారు. ఇప్పుడు కిటికీల వైపు మనోళ్లు, గోడ వైపు వాళ్లు, కోస్తా పిల్లలు. ఎవరు విడదీశారో తెలియదు. ఒక వారంలో అలా అయిపోయింది. కిటికీల వైపు డెబ్బై ఒక్కరు, గోడ వైపు నలభై తొమ్మిది మంది. అడగకపోయినా చెబుతున్నాను, అది నా జబ్బు.

ఆ పాఠం మొదలైన రోజున కిటికీల వైపు రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, మా వెనక సందులోని హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. చేతిలో మా పాఠం కాగితం.

“సార్, ‘క్రెస్ట్‌ఫాలెన్’ ఎదురుంగ ‘డీలాపడ్డ’ అని ఉంది. డీలా అంటే ఏంది?”

మాస్టారు జవాబు చెప్పేలోపు గోడ వైపు నుంచి ఎవరో, “ఇంగ్లిషు సంగతి తర్వాత. తెలుగే రాదన్నమాట!” అన్నారు. ఆ వైపు నవ్వులు.

అమ్మాయి కూర్చోలేదు. “నీ తెలుగు నాకు రాదు. నా తెలుగు నీకొస్తదా?”

ఈసారి కిటికీల వైపు బల్లలు చరిచారు. మాస్టారు చేతులెత్తి అందరినీ కూర్చోబెట్టి, అర్థం చెప్పి, పాఠం నడిపించారు. కానీ ఆ పిల్ల మిగతా గంటంతా తల ఎత్తలేదు. ఆ తల దించుకోవడం నాకు తెలుసు. ఈ నగరానికి వచ్చిన కొత్తలో నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వేవారు.

నా గదికి వెళ్లి ఒక తెల్ల కాగితం తీసి, పైన పాఠం పేరు, ‘తెలుగు అర్థాలు’ అని రాశాను. మధ్యలో నిలువుగా గీత. ఒక గడికి ‘మనవి’ అని, ఇంకో గడికి ‘వాళ్లవి’ అని పేర్లు పెట్టాను. నలభై ఆరు తెలుగు అర్థాలనూ ఒక్కొక్కటే చూస్తూ, ఇది మా ఊళ్లో పలికే మాటేనా అని నన్ను నేనే అడుక్కుంటూ గీతలు గీశాను. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. వాళ్లవి ముప్పై తొమ్మిది, మనవి ఏడు. కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టాను.

నా ఉద్దేశం చెడ్డది కాదు. మర్నాడు మాస్టారికి చూపించి, తెలుగు అర్థానికి ఇంకో వరస పెట్టిద్దాం సార్ అని అడగాలనుకున్నాను. మరిచిపోకుండా ఉంటుందని ఆ కాగితాన్ని రేపటి పాఠం అసలు ప్రతుల అడుగున పెట్టాను. మధ్యాహ్నానికల్లా మర్నాడు బంద్ అని తెలిసింది. కాపీలు ఇవాళే పంచేయమని డైరెక్టర్ గారు కబురు చేశారు. కింద జిరాక్స్ షాపతను కట్టలో ఉన్నవన్నీ వరసగా తీసేశాడు. నాలుగు పేజీలుండాల్సిన పాఠానికి అయిదు పేజీలు వచ్చాయి. స్టేపుల్ కొట్టింది ఎవరనుకున్నారు? నేనే. నూట ఇరవై సార్లు కొట్టాను. కట్టలు లెక్కపెట్టాను. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి ఎక్కువ కాలేదు. ఆ కట్టలో ఏముందో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

బంద్ మర్నాడు వచ్చేసరికి మా మెట్ల గోడ పొడవునా బొగ్గుతో ‘39–7’ అని రాసి ఉంది. మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా, పదకొండు చోట్ల. క్లాసులో కిటికీల వైపు వాళ్లు బల్లలు కొడుతూ అంకెలే నినాదంలా అంటున్నారు. గోడ వైపు సగం బెంచీలు ఖాళీ. ఒక కట్ట తీసి అయిదో పేజీ తిప్పాను. నా కాగితం. అచ్చు కాపీలో ఎర్ర గీతలు నల్లగా వచ్చాయి, అంతే తేడా.

ఆ రోజు క్లాసులు జరగలేదు. సాయంత్రం డైరెక్టర్ గారు స్టాఫ్ అందరినీ పిలిచారు. ఆయనదీ కోస్తానే. ఎప్పుడూ ఎవరినీ ‘గారు’ లేకుండా పిలవని మనిషి. ఆ రోజు గొంతు మారింది.

“ఎవరు చేశారో నేను కనుక్కోలేననుకుంటున్నారా? ఆ రోజు గొడవ పెట్టిన పిల్లే. జిరాక్స్ షాపులో ఇచ్చి కలిపించి ఉంటుంది. రేపట్నుంచి ఆ అమ్మాయిని లోపలికి రానివ్వద్దు.”

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. చెప్పాలి. రేపు పొద్దున చెబుదామనుకున్నాను. ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా కూర్చుకున్నాను.

పొద్దున నేను వచ్చేసరికే మాస్టారు క్లాసులో ఉన్నారు. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి ఉంది. ఆయనే బయటికి వచ్చి ఆమెను లోపలికి తీసుకెళ్లారు. అయిదో పేజీని అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నారు.

“ఇది పెట్టించింది నేను.”

బల్లల చప్పుడు ఆగిపోయింది.

“మీరు పెట్టించిన్రా?” అంది ఆ అమ్మాయి. “మరి కింద రెండు గీతలెందుకు కొట్టిన్రు సార్?”

“నాకు సిగ్గేసింది కనుక. ఏడంటే ఏడే ఉన్నాయి కదమ్మా. మిగతావి నాకు రావు. మీ దగ్గరున్నాయి. అవి అడగడానికే ఈ పేజీ.” చాక్‌పీసు తీసి ఆమె ముందు పెట్టారు. “‘డిజెక్టెడ్’. మీ ఇంట్లో ఏమంటారు?”

చివరి బెంచీ నుంచి ఒకతను, “రంది పెట్టుకున్నడు అంటం సార్” అన్నాడు.

“రంది అంటే బెంగా సార్?” గోడ వైపు నుంచి వచ్చింది ఆ ప్రశ్న. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగారు.

“నాకేం తెలుసు? వాళ్లనడుగు” అన్నారు మాస్టారు.

అమ్మాయి లేచింది. “బెంగ పెట్టుకుంటే ఇంటికి పోతే తగ్గుతది గదా? రంది అట్ల కాదు. రంది మనిషిని లోపల్నుంచి తింటది. మా నాయినకుండె, బోరు పడకపోతే.”

మాస్టారు బోర్డు మీద ‘రంది’ అని రాశారు. ఆ తర్వాత మాటలు ఆగలేదు. ‘డౌన్ అండ్ అవుట్’కి ఆగమైండు. ‘క్రెస్ట్‌ఫాలెన్’కి మొఖం ఏలాడేసిండు. ‘పూర్ యాజ్ ఎ చర్చ్ మౌస్’ దగ్గర పెద్ద చర్చ అయింది. గుళ్లో ఎలుకైతే ప్రసాదం తిని బతుకుతుంది, చర్చిలో ఎలుకకు పాపం ఏముంటుందని గోడ వైపు వాళ్లు, గుళ్లో ప్రసాదం పంతులే తింటడు ఎలుక దాకా రాదని కిటికీల వైపు వాళ్లు. రెండు వైపులా ఒకేసారి నవ్వు వినబడి ఎన్ని వారాలైందో! గంట పూర్తయ్యేసరికి బోర్డు మీద ఇరవై రెండు మాటలు. ఆ ఇరవై రెండులో ఒక్కటి కూడా మా పుస్తకంలో లేదు. పదహారేళ్లలో నేను చూసిన పాఠాలన్నిటిలో అలాంటిది మళ్లీ లేదు.

వెనక తలుపు దగ్గర డైరెక్టర్ గారు నిలబడి ఉన్నారు. క్లాసు అవగానే మాస్టారిని తన గదికి పిలిచారు. ప్రూఫులు పట్టుకుని నేనూ ఉన్నాను, వెళ్లమని ఎవరూ అనలేదు.

“మీరే పెట్టించారా మాస్టారూ?”

“నేనే అండి. ఆ అమ్మాయికి సంబంధం లేదు.”

“మనవాళ్లు ఇరవై మంది కూకట్‌పల్లి బ్రాంచికి పోతామంటున్నారు. గోడలన్నీ బొగ్గు. వాళ్ల చేతికి రాయి మీరే అందించారు. ఇంక మీరిక్కడ క్లాసుకి వెళ్తే నేను సెంటర్ నడపలేను.”

ఆ గదిలో గోడ గడియారం ఉంది. డైరెక్టర్ గారు ఆ మాట అన్న తర్వాత మాస్టారు “సరేనండి” అనేదాకా నలభై సెకన్లు పట్టింది. నలభై సెకన్లూ నాకు ఖాళీగానే ఉన్నాయి. ‘సార్, అది నేను రాసింది’ అనడానికి మూడు సెకన్లు చాలు. మాస్టారు నావైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాణ్నేమో. చూడకపోవడం ఆయన నాకు చేసిన మేలు అని అప్పుడు నాకు తెలియలేదు.

ఆదివారం పొద్దున ఎల్‌బీ నగర్‌లో ఆయన బస్సు. చౌరస్తా నుంచి కాస్త ముందుకు, విజయవాడ వైపు పోయే బస్సులు ఆగేచోట నిలబడ్డారు. రెండు సంచులు, పుస్తకాల పెట్టె ఒకటి. సాగనంపడానికి నేనూ వెళ్లాను. అయిదో పేజీ బయటపడినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

“సార్, గా కాగితం రాసింది నేనే.”

“ఈ సెంటర్లో గీత కింద గీత కొట్టేది ఇంకెవరయ్యా?” అన్నారు.

“మరి నా పేరు ఎందుకు చెప్పలే సార్?”

“నువ్వు చెబుతావేమోనని ఎదురుచూశాను. నువ్వు చెప్పలేదు. అయినా నీకు ఇంట్లో నలుగురున్నారు.” సంచి భుజానికి తగిలించుకుని, “నొచ్చుకోలేదని అబద్ధం చెప్పను. నాకు ముందు చూపించి ఉంటే బాగుండేది” అన్నారు.

“చూపిద్దామనే పెట్టిన సార్. ఇయ్యాల్నే పోయి డైరెక్టర్ గారికి చెప్పేస్త.”

“చెప్పు. చెప్పినా నన్ను వెనక్కి పిలవరు. నీ మనసు కోసం చెప్పుకో.” బస్సు వచ్చింది. పెట్టె పైకి అందించాను. ఆయన మెట్టు మీద నిలబడి, “ఇంకోటి. ఆ లెక్క తప్పు” అన్నారు.

“మూడుసార్లు చూసిన సార్!”

“కూడిక గురించి కాదు. మీ అమ్మగారిని అడిగి రాశావా?”

కండక్టర్ తలుపు వేశాడు.

మర్నాడు డైరెక్టర్ గారికి చెప్పాను. “ఇప్పుడెందుకు చెబుతున్నారు?” అన్నారు. నన్ను మాత్రం తీసేయలేదు. గీతలు గీసేవాడు ఇంకొకడు దొరకడు కదా. నాకు పడిన శిక్ష ఏమైనా ఉంటే అదే, ఆ గదిలో ఇంకో ఏడేళ్లు కూర్చోవడం. వాదించడానికి ఎవరూ రాలేదు. తీసేద్దామన్న ప్రతి మాటా తీసేశారు.

లెక్క తప్పన్నది మనసులో నలుగుతూనే ఉంది. మేమప్పుడు సాగర్ రోడ్డు మీద, తుర్కయంజాల్ ఇవతల ఉండేవాళ్లం. అమ్మ నాతోనే ఉండేది. ఒకరోజు పొద్దున చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని నలభై ఆరు అర్థాలూ చదివాను. దిగులు దగ్గరికి రాగానే చెయ్యి ఆపింది.

“దిగులు మనం అనమా ఏందిరా?”

“అంటమా?”

“నువ్వు పట్నం పోయిన నాడు దిగులైతుందని నేనేడ్సింది మరిచినవా?”

చిన్నబోవడం కూడా వాళ్లవైపు వేశాను. “ఇంటర్ల తప్పి వచ్చిన నాడు నీ మొఖం చిన్నబోయిందని నేనే గదా అన్న. ఇంకెవరన్నరు?” దిక్కులేనివాడు, మనసు విరగడం, కుమిలిపోవడం... ఒక్కొక్కటే ఇవతలికి లాగింది. డీలా, ఉసూరు లాంటివి మాత్రం వదిలేసింది. “గవి నాకెరుక లేదు” అంది. ముప్పై తొమ్మిదిలో ఇరవై ఆరు అమ్మకు సొంతంగా తెలిసిన మాటలు. అవి నాకు మొదట పుస్తకాల్లో కనిపించాయి. అచ్చులో ఉన్న మాట మాది అయ్యుండదని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో నాకే తెలియదు. ఎవరూ చెప్పలేదు. అదీ నేను సొంతంగానే నేర్చుకున్నాను. ఇక మనవి అని రాసిన ఏడులో బేజారు, దివాలా, ఇంకో మూడు మాస్టారి నోట రోజూ విన్నవే.

ఆ పిల్ల అడిగింది తప్పు కాదు. ఆ ఇరవై రెండు మాటలు మా పుస్తకంలో లేకపోవడం నిజం, వాటిని ఎవరూ చేర్చకపోవడం అంతకంటే నిజం. రాష్ట్రం వచ్చింది. రావాలనే నేనూ కోరుకున్నాను, వంటావార్పులో నేనూ కూర్చున్నాను. నా తప్పల్లా రెండే గడులు గీయడం.

బస్సెక్కేముందు మాస్టారు రాసిచ్చిన నంబరుకు, అమ్మను అడిగిన వారమే ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. కొన్నాళ్లకు మరోసారి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. ఎవరినీ అడగలేదు. ఎందుకు అడగలేదంటే చెప్పలేను. ఎల్‌బీ నగర్‌లో ఇప్పుడు పైన మెట్రో నడుస్తోంది, కింద విజయవాడ బస్సులు ఆగుతూనే ఉన్నాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా దిగేవాళ్లను చూస్తూ కాసేపు నిలబడతాను. ఈ ఒక్క చోట ఎందుకో ఎవరినీ లెక్కపెట్టను. మొహాలు చూస్తాను.

సార్, ఎక్కడున్నారో తెలియదు. మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి అమ్మను అడిగే పెట్టాను. మీవి పదమూడు. మావి రెండు. ఇద్దరివీ ముప్పై ఒకటి.